వర్క్‌షాపు తనిఖీ: ఏ గుర్తు కనిపిస్తే ఏం వెతకాలి, ఎలా సరిచేయాలి

చాలామంది తనిఖీ అనగానే చెక్‌లిస్టు పట్టుకుని బయల్దేరతారు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది, టిక్కు. ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉంది, టిక్కు. అవి చూడాల్సినవే. కానీ మనుషులకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఆ కాగితంలో లేని చోట. అందుకే లోపలికి వెళ్లాక మొదటి పది నిమిషాలు ఏమీ రాయకుండా ఒక మూల నిలబడి చూడండి. ఎవరు వంగుతున్నారు, ఎవరు చెయ్యి ఎక్కడ పెడుతున్నారు, ఏ మెషిన్ దగ్గరికి వచ్చేసరికి అందరూ కాస్త దూరంగా నడుస్తున్నారు అన్నది కనిపిస్తుంది. వీలైతే షిఫ్టు మారే వేళకి, మెషిన్లు శుభ్రం చేసే వేళకి కూడా వెళ్లండి. పని సాఫీగా సాగేటప్పుడు కనిపించని ప్రమాదాలు అప్పుడు బయటపడతాయి.

ఇంకో మాట ముందే చెప్పాలి. తప్పు కనిపించగానే "ఎవరు చేశారు?" అని అడిగితే అందరూ నోరు మూసుకుంటారు. "ఇలా ఎందుకు చేయాల్సి వచ్చింది?" అని అడిగితే అసలు కారణం బయటికొస్తుంది. కింద రాసినవన్నీ ఆ రెండో ప్రశ్న మీద ఆధారపడినవే.

గార్డు విప్పి పక్కన పెట్టి ఉంది

అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఇదే. బెల్టు గార్డు (తిరిగే బెల్టుకు చెయ్యి తగలకుండా పెట్టే కవరు) గోడకు ఆనించి ఉంటుంది, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆ దుమ్ము చూస్తే చాలు, అది నిన్నో మొన్నో విప్పింది కాదని తెలుస్తుంది.

మెషిన్ ఆపించి గార్డు బిగించడం ఆ రోజు పని. దాంతో అయిపోలేదు. ఒక వర్క్‌షాపులో ఒకే కంప్రెసర్ గార్డు గురించి నేను మూడు నెలలు వరసగా రాశాను. రాసిన ప్రతిసారీ బిగించారు, మళ్లీ వెళ్లేసరికి ఊడి ఉండేది. నాలుగోసారి సూపర్‌వైజర్‌ని వదిలేసి అక్కడ పనిచేసే హెల్పర్‌ని అడిగాను. "బెల్టు రెండు గంటలకోసారి జారిపోతుంది సార్, బిగించాలంటే ఆరు బోల్టులు విప్పాలి" అన్నాడు. పుల్లీ గాడి అరిగిపోయింది, మోటారు కూడా వరసలో లేదు. పుల్లీ మార్చి, మోటారు సరిగా కూర్చోబెట్టాక ఆ గార్డు మళ్లీ ఊడలేదు. మూడు నెలలు ఆ కుర్రాడి చేతులు తిరిగే బెల్టు పక్కన ఉన్నాయన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

గార్డు ఊడి ఉంటే ఈ కారణాలు వెతకండి. లోపల గ్రీజు పెట్టాల్సిన నిపుల్ ఉందా? ఉంటే చిన్న పైపుతో దాన్ని గార్డు బయటికి తీసుకురావచ్చు. జాబ్ (మెషిన్ మీద పెట్టిన ముక్క) కనిపించడం లేదా? రేకు తీసి గట్టి మెష్ గాని, పాలికార్బనేట్ షీటు గాని పెట్టించండి. చిప్స్ (కోసినప్పుడు రాలే లోహపు తునకలు) ఇరుక్కుంటున్నాయా? కింద దారి వదలాలి, ఆ దారిలో చెయ్యి పట్టకూడదు. మాటిమాటికీ తెరవాల్సిందేనా? అయితే బోల్టులు కాకుండా కీళ్ల మీద తెరుచుకునే తలుపు పెట్టి, తెరిస్తే మెషిన్ ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఇవ్వాలి.

ఇంటర్‌లాక్ ఉన్నా, దాని లిమిట్ స్విచ్‌ను (తలుపు మూసి ఉందో లేదో పట్టే స్విచ్) తీగతోనో టేపుతోనో కట్టేసి ఉండటం కూడా చూస్తాం. చాలాసార్లు కారణం సెట్టింగ్. తలుపు మూసి ఉంటే సెట్ చేయడం కుదరదు, తెరిస్తే మెషిన్ తిరగదు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే, అదీ నెమ్మదిగా, తిరిగే జాగ్ మోడ్ ఉంటే తీగ కట్టే అవసరం ఉండదు.

ఎమర్జెన్సీ స్టాప్‌ను చూసి వదిలేయకండి, ఆపరేటర్‌కి చెప్పి నొక్కి చూడండి. నొక్కగానే ఆగాలి. బటన్ తిరిగి పైకి లాగినప్పుడు మెషిన్ తనంతట తాను మొదలవకూడదు, మళ్లీ స్టార్ట్ నొక్కితేనే తిరగాలి. బటన్ ముందు స్క్రాప్ డబ్బా పెట్టి ఉంటే దాని చోటు మార్పించండి.

లేత్, డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లవ్స్ వేసుకున్న చెయ్యి కనిపిస్తే అది కూడా తప్పే. తిరిగే చక్, డ్రిల్ బిట్ గ్లవ్‌ను చుట్టేసుకుని చేతిని లాక్కుపోతాయి. చిప్స్ చేతికి గుచ్చుకుంటున్నాయని వేసుకుంటారు. కాబట్టి గ్లవ్స్ తీయమంటే సరిపోదు, చిప్స్ లాగడానికి కొక్కీ, బ్రష్ ఇవ్వాలి.

గ్రైండర్ జాబ్‌ను లోపలికి లాగుతోంది, అదురుతోంది

ముందు టూల్ రెస్టుకీ (జాబ్ ఆనించే పలక) వీల్‌కీ మధ్య సందు చూడండి. అది 3 మిల్లీమీటర్లు దాటకూడదు. పైన ఉండే నాలుక లాంటి పట్టీకీ వీల్‌కీ మధ్య 6 మిల్లీమీటర్లు దాటకూడదు. బిగించిన రోజు సరిగానే ఉంటుంది. వీల్ అరిగేకొద్దీ సందు పెరుగుతుంది, రెస్టు ముందుకు జరపడం ఎవరికీ గుర్తుండదు. చిన్న ముక్క ఆ సందులో ఇరుక్కుందంటే వీల్ పగలొచ్చు. రెస్టు జరిపేది మెషిన్ ఆపిన తర్వాతే.

వీల్ మీద గాడులు పడి, మెరుపు వచ్చి ఉంటే డ్రెస్సింగ్ (వీల్ ముఖం గీకి చదును చేయడం) చేయలేదని అర్థం. అల్యూమినియం లాంటి మెత్తటి లోహం పట్టినా అంతే, వీల్ రంధ్రాలు మూసుకుపోయి వేడెక్కుతుంది. కొత్త వీల్ బిగించే ముందు వేలాడదీసి చెక్క పిడితో మెల్లగా తట్టండి. మంచి రాయి వీల్ అయితే గంటలా ఖంగుమంటుంది. బొంగురుగా పలికితే లోపల పగులు ఉండొచ్చు, దాన్ని వాడొద్దు. రెసిన్ వీల్స్ మాత్రం అంత స్పష్టంగా మోగవు. ఎలాగైనా, బిగించాక ఒక నిమిషం పాటు పక్కకు నిలబడి ఖాళీగా తిప్పి చూడాలి.

చేతి గ్రైండర్‌కి గార్డు లేకపోతే, డిస్కు సైజు చూడండి. చిన్న గ్రైండర్‌కి పెద్ద డిస్కు పట్టించడానికే చాలాసార్లు గార్డు తీస్తారు. డిస్కు మీద రాసిన ఆర్‌పీఎం మెషిన్ ఆర్‌పీఎం కంటే తక్కువ అయితే ఆ డిస్కు అక్కడే పక్కన పెట్టించాలి. అంత వేగానికి అది ముక్కలై ఎగరగలదు.

మెషిన్ తాకితే జిల్లుమంటోంది

"కొంచెమే సార్, చెప్పులు వేసుకుంటే తెలియదు" అనే మాట వినబడితే అప్పటికప్పుడు ఆ మెషిన్ ఆపించండి. ఇందులో బేరం లేదు. లోపల ఎక్కడో ఫేజ్ బాడీకి తగులుతోంది, ఎర్తింగ్ పనిచేయడం లేదు. రెండూ కలిస్తేనే జిల్లుమంటుంది. ఈరోజు పొడి నేల కాబట్టి బతికిపోయారు. చెమట పట్టిన చేతికి, తడి నేల మీద అదే కరెంటు ప్రాణం తీస్తుంది.

మొదట ప్లగ్గు విప్పించి చూడండి. మూడో పిన్నుకు తీగ ఉండదు, లేదా ఊడి ఉంటుంది, లేదా రెండు తీగల కేబులే వాడి ఉంటారు. తర్వాత ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ కంటిన్యూటీ (ఎర్త్ తీగ ఎక్కడా తెగకుండా ఉందా అన్నది), మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ కొలిపించండి.

"ఎంసీబీ ఉంది కదా" అనే నమ్మకం నేను చాలా చోట్ల విన్నాను. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తాను పడిపోయే స్విచ్. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించితేనే పడుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో వెయ్యో వంతులు కొన్ని పదులు చాలు. అందుకే చేత్తో పట్టుకునే మెషిన్లకు కరెంటు ఇచ్చే లైనులో కరెంటు బయటికి లీకైతే పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. తనిఖీలో నొక్కి చూడండి, పడకపోతే మార్పించండి.

ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని పెద్దది వేసి ఉండటం ఇంకో గుర్తు. లోపలి వైరు పాతదే, ఎక్కువ లోడు నుంచి దాన్ని కాపాడే కాపలా పోయింది, ఇక వైరే కాలుతుంది. వైరు మందం చూసి దానికి తగ్గ ఎంసీబీ మళ్లీ పెట్టించి, లోడు ఎందుకు పెరిగిందో వెతకాలి. బేరింగు బిగుసుకుపోయిన మోటారు కూడా ఎక్కువ కరెంటు లాగుతుంది. ప్లగ్గు గోధుమ రంగుకు మారినా, ప్యానెల్ దగ్గర కాలిన వాసన వచ్చినా టెర్మినల్ వదులైందని అనుకోండి.

స్విచ్ దగ్గర "వేయకండి" అని అట్టముక్క వేలాడుతోంది

ఎవరో లోపల రిపేరు చేస్తున్నారని అర్థం. అట్ట గాలికి పడిపోతుంది, షిఫ్టు మారితే వచ్చినవాడికి సంగతి తెలియదు. మెయిన్ ఐసొలేటర్‌కు (మెషిన్‌కు కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) తాళం వేయాలి. పనిచేసే ప్రతి మనిషికీ తన సొంత తాళం ఉండాలి, తాళంచెవి తన జేబులోనే ఉండాలి. ఐదుగురు పనిచేస్తే ఐదు తాళాలు. కరెంటు ఆపితే సరిపోదు. ప్రెస్ ర్యామ్ (కిందికి దిగి నొక్కే భాగం) పైన ఆగి ఉంటే కింద దిమ్మ పెట్టాలి, హైడ్రాలిక్, గాలి ప్రెషర్ వదిలేయాలి. చివరికి స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి, తిరగడం లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

గ్యాస్ సిలిండర్ల దగ్గర వెల్లుల్లి వాసన

వర్క్‌షాపులో వాడే ఎసిటిలిన్‌కు ఆ వాసన ఉంటుంది. లీకు ఉందన్నమాట. వాల్వ్ మూసి, దగ్గర్లో నిప్పు పని ఆపించి, నూనె లేని సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. ఎక్కువగా హోస్ చివర్ల దగ్గర, రెగ్యులేటర్ నట్ దగ్గర ఉంటాయి. హోస్‌కు టేపు చుట్టి ఉంటే మార్పించడమే, అతుకు ఒప్పుకోవద్దు.

ఎసిటిలిన్ సిలిండర్ పడుకోబెట్టి ఉంటే అది చిన్న విషయం కాదు. లోపల ఆ గ్యాస్ ఎసిటోన్‌లో కరిగి ఉంటుంది. పడుకోబెట్టి వాడితే ఎసిటోన్ బయటికొస్తుంది. నిలబెట్టి గొలుసు వేయాలి. రెగ్యులేటర్ దాటాక ప్రెషర్ 15 పీఎస్ఐ మించితే ఎసిటిలిన్ నిప్పు లేకుండానే విడిపోయి పేలగలదు. గేజ్ మీద ఆ చోట ఎర్రగీత ఉందో లేదో చూడండి.

ఆక్సిజన్ సిలిండర్ వాల్వ్ మీద గ్రీజు మరక కనిపిస్తే, "బిగుసుకుపోతోంది, అందుకే రాశాం" అంటారు. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే దానంతట అదే అంటుకోవచ్చు. ఆ సిలిండర్‌ను వాడకం నుంచి తీసి సరఫరాదారుకు చెప్పాలి. ఆక్సిజన్‌తో బట్టల మీద దుమ్ము ఊదుకోవడం కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత ఆక్సిజన్ పట్టిన బట్టలు భగ్గుమనడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

టార్చ్ టప్‌మని పేలుతుంటే టిప్ మూసుకుపోయిందేమో, ప్రెషర్ తక్కువగా ఉందేమో చూడండి. మంట వెనక్కి హోస్‌లోకి పోకుండా రెండు లైన్లకూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు ఉండాలి. పని అయ్యాక కూడా నిప్పురవ్వలు ఎక్కడో దాగి రాజుకుంటాయి కాబట్టి, కనీసం అరగంట, వీలైతే గంట, ఒక మనిషి అక్కడే ఉండి కనిపెట్టుకోవాలి.

సాయంత్రం జ్వరం, తెల్లారేసరికి మామూలు

వెల్డర్ ఇలా చెబితే ఏం వెల్డ్ చేశాడో అడగండి. గాల్వనైజ్డ్ పైపులైతే జింక్ పొగ కారణం కావచ్చు. చలి, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి దాని గుర్తులు. జాయింట్ దగ్గర జింక్ పూత ముందే తీసేయాలి. పొగ ముఖం ముందు నుంచి పోకుండా, పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్ట్ పెట్టాలి. ఎక్కడో పైన తిరిగే ఫ్యాను దీనికి పనికిరాదు. ఊపిరి ఆడకపోవడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపండి.

ట్యాంకు, గొయ్యి, పెద్ద పైపు లాంటి చోట పని ఉంటే ఇంకా జాగ్రత్త. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు. ఆర్గాన్ గాలికన్నా బరువైనది, అడుగున చేరుతుంది, వాసన ఉండదు. ఒకడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగి పడిపోవడం ఇలాంటి చోట్ల పదే పదే జరిగింది. మీటరుతో గాలి కొలవకుండా, బయట మనిషి లేకుండా, పైకి లాగే తాడు లేకుండా ఎవరినీ దిగనివ్వొద్దు.

పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోంది

చెయ్యి చాపినంత దూరంలో ఉన్నవాడికి అరిస్తే తప్ప వినబడకపోతే శబ్దం 85 డెసిబెల్స్ దాటిందని అనుకుని కొలిపించండి. 85 దగ్గర 8 గంటలు హద్దు అనుకుంటే, 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలే. వదులైన రేకులు, ఎండిపోయిన బేరింగులు, సైలెన్సర్ లేని ఎయిర్ ఎగ్జాస్టులు ముందు చూడండి. ఇయర్ మఫ్స్ ఆ తర్వాత.

నేల మీద రంపపు పొట్టు

దాని కింద ఆయిల్ ఉంది. రోజూ పొట్టు వేస్తున్నారంటే రోజూ మెషిన్ ఆయిల్ సీలు కారుతోంది. సీలు మార్పించండి.

హుక్‌కి లాచ్ లేదు, స్లింగ్‌కు ముడి వేసి ఉంది

ముడి వేసిన స్లింగ్ (బరువు కట్టి ఎత్తే పట్టీ లేదా తాడు), తీగలు తెగిన వైర్ రోప్, నోరు తెరుచుకున్న హుక్ కనిపిస్తే మూలన పెట్టించడం చాలదు. అర్జంటు పని పడగానే మళ్లీ బయటికొస్తాయి. అక్కడే కోయించి స్క్రాప్‌లో వేయించండి. స్లింగ్ కోణం కూడా చూడండి. రెండు కాళ్ల స్లింగ్ నేలతో 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కొక్క కాలు మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. టన్ను ఎత్తుతుంటే ఒక్కో కాలు మీద టన్ను. స్లింగ్ పొడవు పెంచి కోణం 60 డిగ్రీలకు తెస్తే అది దాదాపు 0.58 టన్నుకు దిగుతుంది.

రాసింది రాసినట్టే ఉండిపోతోంది

రిపోర్టులో "గార్డు సరిచేయాలి" అని ఉంటే ఎవరూ సరిచేయరు. ఏ మెషిన్, ఏ కారణం, ఎవరి బాధ్యత, ఏ తేదీలోగా అని రాయాలి. ప్రాణం మీదికొచ్చేవి తేదీకి ఆగవు, వాటిని నిలబడి ఆపించాలి. తనిఖీ అయ్యాక ఆ మెషిన్ మీద పనిచేసేవాళ్లకే ముందు చెప్పండి, ఆఫీసుకు తర్వాత. మళ్లీ వెళ్లినప్పుడు కాగితం కన్నా ముందు వాళ్ల దగ్గరికే వెళ్లి, పోయినసారి బిగించిన గార్డుతో పని సాగుతోందా, ఇంకెక్కడైనా ఇబ్బంది వస్తోందా అని అడగండి.