నీటి సంస్థ నష్టాల్లోంచి బయటపడాలంటే

నేను బరంపురంలో జలసాథీని. ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసి, బిల్లులిచ్చి, డబ్బు వసూలు చేస్తాను. నీటి సంస్థ నష్టపోతోందంటే అందరూ ముందు రేటు పెంచమంటారు. దయచేసి రేటు జోలికి చివర్లో వెళ్లండి.

ముందు లెక్క తేల్చండి. ట్యాంకు దగ్గర పెద్ద మీటరు పెట్టి, వదిలిన నీరెంతో, బిల్లు పడిన నీరెంతో నెలనెలా రాయండి. 1993లో కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 72 శాతం నీటికి డబ్బే వచ్చేది కాదు. యుద్ధంతో చితికిపోయిన దేశం అది. ఆ ఏడాది అక్కడి నీటి సంస్థ పగ్గాలు పట్టిన ఎక్ సోన్ చాన్ అందరికీ మీటర్లు పెట్టించాడు, లీకులు వెతికించాడు, దొంగ కనెక్షన్లు కోయించాడు. ఓ సైన్యాధికారి తుపాకీ చూపించినా వెనక్కి తగ్గలేదు. ఆ నష్టం చివరికి 6 శాతం దగ్గరికి దిగింది. అంత పేద ఊరు చేయగలిగింది, మనమెందుకు చేయలేం?

వసూలు పెద్ద బకాయిలతో మొదలుపెట్టాలి: ఆఫీసులు, లాడ్జీలు, హోటళ్లు. వాళ్లని వదిలేసి బస్తీలో కొళాయి కోస్తే ఎవరూ మన మాట నమ్మరు.

ఇక గుమ్మం దగ్గర పని. మీటరు అంకెలు ఇంటావిడ చేతే చదివించండి, రసీదు అక్కడే ఇవ్వండి. కూలి చేసుకునేవాళ్ల ఇంటికి డబ్బు చేతికందే సాయంత్రం వెళ్లండి. పాత బకాయి నెలకి కొంచెం చొప్పున కట్టనివ్వండి. ‘నీళ్లు వాసనొస్తున్నాయమ్మా’ అంటే బిల్లు పక్కన పెట్టి, కిట్టుతో అక్కడే పరీక్ష చేసి చూపించాలి. లీకు చెబితే బాగుచేయించాకే డబ్బడగాలి. నా అనుభవంలో జనానికి కోపం బిల్లు మీద కాదు, చెప్పినా ఎవరూ రాకపోవడం మీద. తిరిగే మనిషికి వసూలు మీద కమీషన్ ఇవ్వండి. మా ఒడిశాలో పొదుపు సంఘాల ఆడవాళ్లం అలాగే పనిచేస్తున్నాం.

కొత్త కనెక్షన్ ఖర్చు బీదవాళ్లని ఒకేసారి అడగొద్దు. నామ్‌పెన్‌లో వాయిదాలు, రాయితీలు ఇచ్చారు.

వచ్చిన డబ్బుకి వేరే ఖాతా ఉండాలి. మున్సిపాలిటీ ఖాతాలో కలిస్తే అది ఏ రోడ్డుకో పోతుంది, పంపు కరెంటు బిల్లు అలాగే ఉండిపోతుంది. 1996లో నామ్‌పెన్ సంస్థకి సొంతంగా నడుచుకునే హక్కు ఇచ్చారు.

ఇవన్నీ చేశాక కరెంటు, క్లోరిన్, జీతాలు, రిపేర్లు, పాత పైపుల మార్పు కలిపి చూడండి. అప్పటికీ చాలకపోతే రేటు కొంచెం కొంచెంగా పెంచండి. తక్కువ నీళ్లు వాడే ఇళ్ల రేటు మాత్రం ముట్టుకోకండి.