జనం మూడ్ కొలుద్దాం (3): పదాలకు మార్కులు

జనం మూడ్ కొలవడానికి గత పాఠంలో సేకరించిన సోషల్ మీడియా పోస్టులు ఈపాటికి మీ షీట్‌లో తేదీ, రాత, ప్రాంతం అనే మూడు వరసల్లో ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు ఇంకా మిగిలి ఉంటే ముందు వాటిని తుడిచేయండి. ప్రాంతం వరస కూడా ఒకసారి సరిచూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత పోస్టుల్లో రెండూ శ్రీకాకుళమనే ఉంటాయి కాబట్టి జిల్లా పేరు వదిలేసి మండలం పేరు రాసుకోవడం మేలు.

ఈసారి పని పదాల పట్టిక. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పీటర్ డాడ్స్, క్రిస్ డాన్‌ఫోర్త్ బృందం పదివేలకు పైగా ఇంగ్లీషు పదాలకు మామూలు జనంతో 1 నుంచి 9 దాకా మార్కులు వేయించి, 2011లో ఆ పద్ధతిని ప్రచురించింది. 1 అంటే పూర్తి విచారం, 9 అంటే పూర్తి సంతోషం. ట్వీట్లలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో చూసి సగటు కట్టారు. 4కీ 6కీ మధ్య పడ్డ చప్పటి పదాలను పక్కన పెట్టారు, అవి ఉంటే రోజువారీ సగటును చూపే మూడ్ గీత కదలదు. 2015లో పది భాషల పదాలకు ఇలాగే మార్కులు వేయించారు గానీ వాటిలో తెలుగు లేదు. ఇంగ్లీషు పట్టికను తెలుగు చేసి వాడేద్దామన్న ఆలోచన వద్దు. మన పోస్టుల్లోంచే ఎక్కువసార్లు వచ్చిన 500 పదాలు తీయండి. వేర్వేరు మండలాల, వయసుల వాళ్లు పదిమందితో, ఒకరి మార్కులు ఇంకొకరికి కనబడకుండా వేయించండి. ఒకే పదానికి ఒకరు 2, ఇంకొకరు 8 వేస్తే సగటు తీయకండి, ఆ పదాన్నే తీసేయండి.

అసలు చిక్కు తెలుగు వాక్యం తోకలో ఉంటుంది. "బాగోలేదు" ఒకే పదం. "బాగ" అన్న మొదలు చూసి వెతికితే కంప్యూటర్ దాన్ని సంతోషంలో వేస్తుంది. పైగా మన ఉత్తరాంధ్ర వైపు "లేదు" అన్నది "నేదు" అవుతుంది. "మూడ్రోజుల్నించి కరెంటు నేదు" అన్న పోస్టును పుస్తక భాష పట్టిక పట్టుకోలేదు. అందుకని బాగోలేదు, బాగునేదు, బాగోదు లాంటివాటిని విడివిడి పదాలుగా ఎక్కించండి. "కరెంటు నేదు", "నీళ్లు రాలేదు" లాంటి జంటలకు కూడా నేరుగా మార్కు ఇవ్వండి. మంచి పదం తర్వాత రెండు పదాల లోపు లేదు, నేదు, కాదు వస్తే 10లోంచి ఆ మార్కు తీసేయండి: "సంతోషంగా లేదు"లో 8 కాస్తా 2 అవుతుంది. చెడ్డ పదానికి మాత్రం ఈ సూత్రం వాడొద్దు. "బాధ లేదు" అన్న మనిషి ఆనందంలో ఉన్నాడని కాదు, దానికి 5 వేసి లెక్కలోంచి వదిలేయండి. చాలా పట్టికలు తప్పేది ఇక్కడే.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుకు వేరే పట్టిక కావాలి. వరసగా వచ్చిన ఒకే అక్షరాన్ని ఒక్కటి చేసి, డీ, టీల పక్కనున్న హెచ్ తీసేస్తే "బాగుంది" రాతలు చాలావరకు ఒకే రూపానికి వస్తాయి. దండం పెట్టే ఎమోజీకి మార్కు వద్దు. అది నమస్కారమూ అవుతుంది, వేడుకోలూ అవుతుంది, సంతాపమూ అవుతుంది.

విజయదశమి తర్వాతి మంగళవారం, పైడితల్లి సిరిమాను నాడు, "శుభాకాంక్షలు" అన్న మాటతో విజయనగరం గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది పండగ మర్యాద. ఆ పదాన్ని పట్టికలోంచి తీసి వేరే వరసలో లెక్కపెట్టండి. ఒకే రాత పదిమంది పంచుకుంటే ఆ రోజుకు ఒకటిగానే తీసుకోండి. పలాస పేరుతో వెతికితే జీడిపప్పు అమ్మకాల ప్రకటనలు వస్తాయి, "నాణ్యమైన", "అద్భుతమైన" అంటూ. ధర, ఆర్డర్ అన్న మాటలున్న పోస్టులు ముందే తీసేయండి.

ఇప్పుడు పరీక్ష. ఏవైనా 200 పోస్టులు తీసి ఇద్దరితో విడివిడిగా బాధ, సంతోషం, ఏదీ కాదు అని గుర్తులు పెట్టించండి. 160 చోట్ల ఇద్దరూ కలిశారనుకుందాం, అంటే 0.80. ఇద్దరూ ఆ మూడు గుర్తులనూ 40, 30, 30 శాతం చొప్పున వాడి ఉంటే, గుడ్డిగా పెట్టినా 0.34 కలుస్తుంది (0.16 + 0.09 + 0.09). 0.80లోంచి 0.34 తీసేసి, 1లోంచి 0.34 పోగా మిగిలే 0.66తో భాగిస్తే సుమారు 0.70. గుడ్డిగా కలిసేది పోగా ఇద్దరూ నిజంగా ఎంత కలిశారో చెప్పే ఈ అంకెనే కప్పా అంటారు. 0.60 దాటకపోతే యంత్రాన్ని తిట్టి లాభం లేదు, గుర్తులు పెట్టే నియమాలే స్పష్టంగా లేవు. కుదిరాక, ఇద్దరూ కలిసిన పోస్టులపై మీ పట్టికను నడిపి ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటీ చదవండి.

రోజుకు 100 పోస్టులే ఉంటే, 30 శాతం బాధ అన్న లెక్క అటూ ఇటూ 9 శాతం ఊగుతుంది. 400 ఉంటే నాలుగున్నర. తక్కువైతే మూడు రోజులు కలపండి.

మూడ్ గీత కింద పోస్టుల సంఖ్య గీత తప్పక పెట్టండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటూ ఫోన్లూ పోయాయి. అలాంటప్పుడు దెబ్బతిన్నవాళ్లు పోస్టు పెట్టలేరు. రాసేది విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న వాళ్ల బంధువులు. సంఖ్య గీత చూడకపోతే అందరికంటే నష్టపోయిన మండలం అందరికంటే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒక మండలం సంఖ్య గత నాలుగు వారాల్లో అదే రోజు (సోమవారమైతే సోమవారాల) సగటులో సగానికి పడితే ఆ రోజు మూడ్ మార్కు వేయకండి, "సమాచారం లేదు" అని రాయండి. "ఊరి నుంచి", "ఊరి గురించి" అని రెండు గుర్తులు వేరుగా పెట్టండి.

వచ్చే పాఠానికల్లా 500 పదాల పట్టిక, 200 పోస్టుల గుర్తులు, కప్పా అంకె సిద్ధం చేసుకోండి. వాటితో వారాల గీత గీస్తాం.