పాలు, రక్తం, రొట్టె: మధ్యయుగ క్రైస్తవ చిత్రాల్లో ఆత్మ పోషణను చదివే పద్ధతి

ఐరోపా మధ్యయుగ చిత్రాల్లో మరియమాత శిశువుకు చన్నిస్తూ కనిపిస్తుంది; క్రీస్తు తన పక్కలోని గాయాన్ని చూపుతూ కనిపిస్తాడు; గూడబాతు తన రొమ్మును ముక్కుతో చీల్చుకుని పిల్లల మీద రక్తం చిందిస్తుంది. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా తోచవచ్చు. వాటిని కలిపి చదవడం తెలిస్తే, దేవుడు మనిషిని తన ప్రాణంతోనే పోషిస్తాడన్న ఒకే విశ్వాసం అన్నిటి వెనుకా ఉన్నదని అర్థమవుతుంది.

చిత్రం దగ్గరకు వెళ్ళే ముందు మూడు వాక్యభాగాలు చదవండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో పౌలు తాను వారికి బలమైన ఆహారం కాక పాలు ఇచ్చానంటాడు; హెబ్రీ పత్రిక అయిదవ అధ్యాయం పాలు పసివారికి, గట్టి ఆహారం ఎదిగినవారికి అంటుంది; పేతురు మొదటి పత్రిక రెండవ అధ్యాయం మాత్రం విశ్వాసులందరినీ అప్పుడే పుట్టిన శిశువుల్లా పాలను కోరుకోమంటుంది. మొదటి రెండింటిలో పాలు తొలి మెట్టు మాత్రమే కాగా, మూడవదానిలో అవే రక్షణకు ఆధారం. తొలి క్రైస్తవ రచయితలు ఈ తేడాను గమనించారు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంట్ పాలను తక్కువగా చూడడానికి ఒప్పుకోక, క్రీస్తునే తండ్రియైన దేవుని చన్నుల నుండి వచ్చిన పాలుగా వర్ణించాడు.

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే మిగిలిన చదువంతా దీనిమీదే ఆధారపడి ఉంది. గర్భంలో శిశువును పోషించిన రక్తమే ప్రసవం తరువాత పక్వమై, తెల్లబడి, చనుబాలవుతుందని ప్రాచీన గ్రీకు వైద్యులూ తత్త్వవేత్తలూ నమ్మారు. క్లెమెంట్ తన వాదానికి ఈ శరీరశాస్త్రాన్నే ఆసరాగా తీసుకున్నాడు. మధ్యయుగ పండితులు కూడా దానిని అంగీకరించారు. ఈ నమ్మకం తెలియనివారికి మరియ పాలకూ క్రీస్తు రక్తానికీ పోలిక వింతగా కనిపిస్తుంది. తెలిసినవారికి ఆ రెండూ ఒకే ద్రవానికి రెండు రూపాలు, కాబట్టి గాయం కూడా పోషించే చన్ను కాగలదు.

ఈ సూత్రాన్ని ఒక చిత్రం మీద పరీక్షించండి. న్యూయార్క్‌లోని క్లాయిస్టర్స్ మ్యూజియంలో, లోరెంజో మొనాకోకు ఆపాదించిన, 1402కు ముందుదిగా భావించే వస్త్రచిత్రం ఒకటుంది. అది మొదట ఫ్లోరెన్స్ కథీడ్రల్‌లో ఉండేది. మరియ ఒక చేత్తో తన చన్ను పట్టుకుని, మరో చేత్తో తన ముందు మోకరిల్లిన చిన్న మనుషులను చూపుతూ, తానిచ్చిన పాలను తలచి వారిని కరుణించమని కుమారుణ్ణి వేడుకుంటుంది. కుమారుడు తన గాయాన్ని తాకుతూ ఆ మనవిని పైనున్న తండ్రికి చేరుస్తాడు. ముఖాలకంటే ముందు చేతులను చూడండి: చన్ను నుండి గాయానికి, గాయం నుండి తండ్రికి సాగే దారిని గీసేవి అవే.

తరువాత, పుచ్చుకునేవారు ఎవరో అడగండి. 203లో కార్తేజ్‌లో హతసాక్షి అయిన పెర్పెతువా తానే పాలిచ్చే తల్లి. చెరసాలలో ఆమెకు కలిగిన దర్శనంలో గొర్రెల పాలు పితుకుతున్న కాపరి ఆమె చేతుల్లో ఒక ముద్ద పెట్టాడు, మేలుకున్నాక కూడా ఆ తీపి ఆమె నోట్లో ఉంది. పన్నెండవ శతాబ్దంలో ఫ్రాన్సులోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు తోటి మఠాధిపతులను తల్లులు కమ్మని, శిష్యులకు పాలివ్వమని హెచ్చరించాడు. అందువల్లనే బెర్నార్డు నోట్లోకి మరియ పాలధార పడే చిత్రాలను కేవలం ఒక అద్భుత కథగా చదవకూడదని నా అభిప్రాయం: బోధించేవాడు మొదట తాను తాగాలి. ఇంగ్లండులోని నార్విచ్‌కు చెందిన ఏకాంతవాసిని జూలియన్ మరో అడుగు ముందుకు వేసింది. తల్లి బిడ్డకు తన పాలిస్తుంది, మన తల్లియైన యేసు తననే ఇస్తాడని ఆమె రాసింది.

గూడబాతు దగ్గర ఒక జాగ్రత్త చాలు. ప్రాచీన కథలో ఆ రక్తం పిల్లల ఆకలి తీర్చదు, చనిపోయిన పిల్లలను మూడవ రోజున బ్రతికిస్తుంది. అందుచేత సిలువ పైభాగాన ఆ పక్షి కనిపిస్తే భోజనంతో పాటు పునరుత్థానాన్నీ తలచుకోవాలి.

ఆహారం ప్రతిసారీ శరీరం నుండే రాదు. ఫ్రాన్సులోని వెజెలే చర్చిలో, పన్నెండవ శతాబ్దపు ఒక స్తంభశీర్షం మీద ఒకడు తిరగలిలో ధాన్యం పోస్తుంటే మరొకడు పిండిని సంచిలో పడుతుంటాడు. పోసేవాడిని మోషేగా, పట్టేవాడిని పౌలుగా గుర్తిస్తారు. సిలువ గుర్తున్న చక్రం క్రీస్తు. పాత నిబంధన గింజ, సువార్త పిండి. ఇలాంటి శిల్పాన్ని చూసేటప్పుడు ధాన్యం పైనుండి కిందికి కదిలే దిశను అనుసరించండి, ఆపైన ఆ పిండితో చేసిన రొట్టెను క్రీస్తు శరీరంగా పంచే బలిపీఠం చర్చిలో ఏ వైపున ఉందో చూడండి.