అడవి నేల చదువు – 5: తడి బరువు తెచ్చిన తంటా

ఇనుప గొట్టాన్ని నేలలోకి దించి మట్టి తీయడం పోయిన పాఠంలో నేర్చుకున్నాము. ఆ తరువాత మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు కూపుల (చెట్లు నరికే అడవి భాగాల) నుంచి మీరు పంపిన లెక్కల్లో చాలామంది, టేకు దుంగలు లాగిన ట్రాక్టరు జాడలో స్థూల సాంద్రత (ఆరిన మట్టి బరువును, గొట్టంలో అది పట్టిన ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది) ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములని రాశారు. అంత గట్టిపడిన బంకమట్టిలోకి వేరు దిగడం కష్టమే. కాని మీరు తూచినది మట్టిని మాత్రమే కాదు, అందులోని నీటిని కూడా. ఆరబెట్టి తూచాలని వేరే చెప్పాలా అనుకోవడం నా పొరపాటు.

నా గొట్టం లోపలి వ్యాసం 5, ఎత్తు 5 సెంటీమీటర్లు, కాబట్టి అందులో 98 ఘన సెంటీమీటర్ల మట్టి పడుతుంది. వాన వెలిసిన మర్నాడు జాడలో తీసిన మట్టి 158 గ్రాములు తూగింది. ఆరాక 127 అయింది. అంటే సాంద్రత 1.61 కాదు, 1.30.

‘రెండు చోట్లా తడిగానే తూచాం, తేడా తేడాగానే ఉంటుంది కదా’ అని కొందరు వాదించారు. ఉండదు. జాడలో నీరు ఇంకక నిలుస్తుంది, పక్కన చెట్ల కింద ఇంకిపోతుంది. అదే రోజు పక్కన తీసిన మట్టి తడిగా 116, ఆరాక 100 గ్రాములు. తడి లెక్కలో తేడా 0.43, అసలు తేడా 0.28. చక్రం చేసిన నష్టాన్ని నీరు ఒకటిన్నర రెట్లు చేసి చూపిస్తోంది.

పద్ధతి ప్రకారం 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టాలి. ఓవెన్ లేనప్పుడు నేను పెనం మీద సన్నని సెగన ఆరబెట్టి, వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా తూస్తాను. పొగ వాసన వస్తే ఆకుమన్ను మాడిందని అర్థం, ఆ నమూనా పారేయాలి. ఎండలో ఆరబెట్టి సరిపెట్టుకోవద్దు.

నల్లరేగడిలో ఇంకో చిక్కు. అది తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది కనుక, జాడలోనూ పక్కనా తేమ దాదాపు సమానమైనప్పుడే నమూనాలు తీయాలి. వేసవిలో నెర్రెలిచ్చి అది కొంత వదులవుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలకు ఆ వీలు లేదు.

ఏ దారిని కొలవాలో తేల్చుకునేటప్పుడు ట్రిప్పుల సంఖ్యను చూసి మోసపోవద్దు. గట్టిపడటంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని ట్రిప్పులలోనే జరిగిపోతుంది. అందుకే బండ్లన్నీ ఒకే దారిన పోవాలని, ఆ దారి మీద కొమ్మా రెమ్మా పరవాలని నేను పట్టుబడతాను.

అభ్యాసం: చక్రపు జాడ, రెండు జాడల నడిమి భాగం, పది అడుగుల అవతలి నేల, ఒక్కో చోట 0–5, 15–20 సెంటీమీటర్ల లోతుల్లో ఐదేసి చొప్పున మొత్తం 30 నమూనాలు. తడి తూకం, పొడి తూకం రెండూ రాసి పంపండి; ఒక్కటే ఉన్న కాగితాన్ని నేను చూడను.