ప్యాకేజీ ఉండగానే బ్యాలెన్స్ ఎందుకు తగ్గుతోంది? థాయ్‌లాండ్ ప్రీపెయిడ్ సిమ్: సమస్య - పరిష్కారం

మన దగ్గర ప్రీపెయిడ్ అంటే ఒక అలవాటు ఉంది. 299 కొట్టామా, ఆ డబ్బంతా ప్లాన్‌కే పోతుంది. డేటా అయిపోతే నెట్ నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది, అంతే. థాయ్‌లాండ్‌లో మామూలు ప్రీపెయిడ్ సిమ్‌కి రెండు జేబులుంటాయి. సెవెన్-ఇలెవెన్ దుకాణం కౌంటర్లో టాపప్ చేయిస్తే డబ్బు మెయిన్ బ్యాలెన్స్‌లో పడుతుంది. అందులోంచి డేటా ప్యాకేజీ మీరు విడిగా కొనుక్కోవాలి. ప్యాకేజీ లేనప్పుడు డేటా ఆన్‌లో ఉంటే చాలా సిమ్‌లలో నెట్ ఆగదు. వాడినంతకీ మెయిన్ బ్యాలెన్స్ నుంచి కోసుకుంటూ పోతుంది. కింద చెప్పే సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

సమస్య: నిన్నటిదాకా బాగానే ఉంది, ఈ రోజు బ్యాలెన్స్ మొత్తం ఖాళీ

ప్యాకేజీ గడువు తీరి ఉంటుంది. ఎప్పుడు తీరిందో చూసుకోవడంలోనే తిరకాసంతా. ఒకరోజు ప్యాకేజీ అంటే అర్ధరాత్రి దాకా అని చాలామంది అనుకుంటారు. కొన్నిటికి లెక్క అదే, కానీ చాలావాటికి కొన్న క్షణం నుంచి 24 గంటలు. మధ్యాహ్నం మూడింటికి కొన్నది మర్నాడు మూడింటికి పోతుంది. ఆ సమయానికి మీరు ఏ గుడిలోనో ఫోన్ జేబులో పెట్టుకుని తిరుగుతుంటారు. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్‌లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఫోన్ ఇంకా భారత సమయమే చూపిస్తుంటే గంటన్నర తేడా కూడా కలుస్తుంది.

పరిష్కారం: గడువు మెసేజ్‌లో ఉన్న సమయానికి అరగంట ముందు అలారం పెట్టుకోండి. మొబైల్ డేటా ఆపేసి, హోటల్ వైఫై మీద ఆపరేటర్ యాప్ తెరిచి కొత్త ప్యాకేజీ కొనండి. ప్యాకేజీ మొదలైందని మెసేజ్ వచ్చాకే డేటా ఆన్ చేయండి. టాపప్ చేసిన వెంటనే డేటా ఆన్ చేసి, ఆ తర్వాత తీరిగ్గా ప్యాకేజీ వెతకడం మొదలుపెడితే వేసిన డబ్బు వెతుకులాటకే సరిపోతుంది. ఏఐఎస్ (అక్కడి మొబైల్ కంపెనీల్లో ఒకటి) సిమ్ అయితే *121# కొడితే బ్యాలెన్స్ తెలుస్తుంది. రోజుకోసారి కొట్టి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

సమస్య: ఆటో రెన్యువల్ పెట్టాను, డబ్బూ ఉంది, అయినా ప్యాకేజీ రాలేదు

ఇది వ్యాట్ దెబ్బ. ప్యాకేజీ ధర పక్కన చిన్న అక్షరాల్లో 7 శాతం వ్యాట్ అదనం అని ఉంటుంది. 200 బాత్ (థాయ్ కరెన్సీ) ప్యాకేజీకి నిజానికి 214 కావాలి. బ్యాలెన్స్ సరిగ్గా 200 ఉంటే రెన్యువల్ జరగదు. డేటా ఆన్‌లో ఉంటే ఆ 200 కూడా ఎంబీల లెక్కన కరిగిపోతుంది. కాబట్టి టాపప్ ఎప్పుడూ ధర మీద పది శాతం ఎక్కువే వేయండి. రోడ్ల మీద కనిపించే టాపప్ మెషీన్లలో వేస్తే ఫీజు కింద కొంత తగ్గించి జమ చేస్తాయి, అదీ లెక్కలో పెట్టుకోండి.

ఇంకో వారంలో ఇంటికి వచ్చేస్తున్నారా? అప్పుడు ఆటో రెన్యువల్ మీకు అనవసరం. కొనేటప్పుడే ఒక్కసారికే అని ఉన్న ప్యాకేజీ ఎంచుకోండి.

సమస్య: నెట్ వాడకపోయినా రోజూ కొన్ని బాత్‌లు పోతున్నాయి

జాతకాలు, లాటరీ నంబర్లు, వార్తలు పంపే ఎస్సెమ్మెస్ సర్వీసులు ఇవి. ఏదో ప్రకటన మీద వేలు తగిలితే చాలు, సబ్‌స్క్రిప్షన్ మొదలవుతుంది. మెసేజ్ థాయ్‌లో ఉంటుంది కాబట్టి మనం స్పామ్ అనుకుని వదిలేస్తాం. *137 కొట్టి కాల్ చేస్తే ఇలాంటి సర్వీసులు రద్దు చేసుకోవచ్చు. అయినా కోత ఆగకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. ఏఐఎస్‌కి 1175, ట్రూకి 1242, డీటాక్‌కి 1678. ట్రూ, డీటాక్ 2023 మార్చిలో ఒకే కంపెనీ అయ్యాయి గానీ, మీ సిమ్ మీద ఏ పేరుందో ఆ నంబరుకే చేయడం మంచిది. మీరు అడగని సర్వీసు అయితే డబ్బు వెనక్కి ఇమ్మని గట్టిగా అడగండి. వాళ్లు వినకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ఎన్‌బీటీసీ ఫిర్యాదుల నంబరు 1200 ఉంది.

సమస్య: సరిహద్దు దగ్గర ఉన్నట్టుండి డబ్బు పోయింది

నాంగ్ ఖాయ్‌లో మెకాంగ్ ఒడ్డున నిలబడితే అవతలి గట్టు లావోస్. గోల్డెన్ ట్రయాంగిల్ దగ్గరైతే మయన్మార్ కూడా ఎదురుగానే. మీరు థాయ్‌లాండ్ దాటకపోయినా ఫోన్ అవతలి టవర్ పట్టుకోవచ్చు. థాయ్ సిమ్‌కి డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటే అది రోమింగ్ కిందే లెక్క. సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆపేయండి. నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి తీసేసి మీ ఆపరేటర్ పేరు ఎంచుకోండి.

సమస్య: థాయ్ సిమ్ బాగానే ఉంది, బిల్లు మాత్రం ఇండియా సిమ్‌కి వచ్చింది

ఓటీపీల కోసం ఇండియా సిమ్ ఆన్‌లో ఉంచుతాం కదా, అక్కడే వస్తుంది చిక్కు. ఐఫోన్‌లో ‘అలౌ సెల్యులార్ డేటా స్విచింగ్’ అని ఒక బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే థాయ్ సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ రెండో సిమ్ డేటాకి మారగలదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆటో డేటా స్విచింగ్ పేరుతో ఇలాంటిదే ఉంది. దాన్ని ఆపేయండి, ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ కూడా ఆపేయండి. డేటా లేకపోయినా రోమింగ్ సర్వీసు ఉంటే ఓటీపీ మెసేజ్‌లు వస్తాయి. ఆ నంబరుకి వచ్చే కాల్స్ మాత్రం ఎత్తకండి, రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కీ ఛార్జీ పడుతుంది. ఇంట్లోవాళ్లకు ముందే వాట్సాప్‌లోనే చేయమని చెప్పి వెళ్లండి.

సమస్య: అన్‌లిమిటెడ్ అన్నారు, వీడియో తిరగడం లేదు

డబ్బు పోలేదు, పూర్తి వేగం కోటా అయిపోయింది. కొన్ని ప్యాకేజీల్లో ఆ తర్వాత 384 కేబీపీఎస్‌కి పడిపోతుంది. మెసేజ్‌లకు సరిపోతుంది, వీడియోకి చాలదు. హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ తగిలించి విండోస్ అప్‌డేట్‌లు ఆపకపోతే కోటా ఒక్క రాత్రిలో అయిపోవచ్చు. ల్యాప్‌టాప్ వైఫై సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటా పొదుపుగా వాడే కనెక్షన్‌గా మార్చండి. కంగారుపడి ఇంకో ప్యాకేజీ కొనేముందు, పాతది ఇంకా ఎన్ని రోజులుందో యాప్‌లో చూసుకోండి.