అన్నం పొట్టలోనే అరుగుతుందా? గంజితో తేల్చుకోండి

తిన్నది పొట్టలో అరుగుతుందంటాం. పప్పు, మాంసంలోని ప్రొటీన్ల మటుకు అది నిజమే, వాటి పని జీర్ణాశయంలోనే మొదలవుతుంది. అన్నంలోని పిండిపదార్థం సంగతి వేరు. దాన్ని విడగొట్టే ఎంజైమ్‌ జీర్ణాశయంలో తయారే కాదు. ఆ పని నోట్లో మొదలై, పొట్టలో ఆగి, చిన్నపేగులో మళ్లీ అందుకుంటుంది. మొదటి రెండు ఘట్టాలనూ వంటింట్లోనే చూడొచ్చు.

గంజి కావాలి. అందరిళ్లలో కుక్కర్లే కాబట్టి అర చెంచా బియ్యప్పిండిని గ్లాసు నీళ్లలో కాచి, వడకట్టి, పూర్తిగా చల్లార్చండి. పిండిపదార్థం తగిలితే అయోడిన్ నీలంగా మారుతుంది, కానీ వేడి మీద ఆ రంగు కనిపించదు. అందులో చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పులోని క్లోరైడ్ ఉంటే, పిండిని విడగొట్టే లాలాజలంలోని ఎంజైమ్ అమైలేజ్ చురుగ్గా పనిచేస్తుంది.

మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని నీళ్లలో చుక్కలు చుక్కలుగా, లేత డికాషన్ రంగు వచ్చేదాకా కలపండి. తెల్ల పింగాణీ పళ్లెంలో దాని చుక్కలు వరసగా పెట్టుకోండి. బట్టల మీద పడితే మరకవుతుంది. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కన ఉండాలి. అయోడిన్ పడనివాళ్లు దూరంగా ఉండాలి.

ఇక లాలాజలం. నోరు పుక్కిలించి, చింతకాయను తలుచుకోండి, అదే ఊరుతుంది. మూడు చెంచాలు చాలు. అందులో ఒక చెంచా చిన్న గిన్నెలో పోసి, మరుగుతున్న నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి చల్లార్చండి.

నాలుగు గాజు గ్లాసులు తీసుకోండి. మొదటిదాంట్లో చెంచా మామూలు నీళ్లు, రెండోదాంట్లో చెంచా లాలాజలం, మూడోదాంట్లో లాలాజలంతోపాటు చెంచా వెనిగర్, నాలుగోదాంట్లో మరిగిన లాలాజలం. పులుపే కదా అని నిమ్మరసం పిండకండి. అందులోని విటమిన్ సి అయోడిన్ రంగునే పోగొట్టి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇప్పుడు అన్నింట్లో చెంచా చొప్పున గంజి పోసి, గ్లాసులను గోరువెచ్చటి నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి.

రెండేసి నిమిషాలకోసారి ఒక్కో గ్లాసు నుంచి ఒక్కో చుక్క తీసి అయోడిన్ చుక్కలో కలపండి. ప్రతిసారీ చెంచా కడగాలి, లేదంటే ఒకదాని లాలాజలం ఇంకోదాంట్లో చేరుతుంది. రెండో గ్లాసు చుక్కలు ముదురు నీలం నుంచి ఊదా, ఎర్రటి గోధుమ రంగులకు దిగి, చివరికి అయోడిన్ రంగులోనే ఉండిపోతాయి. అంటే గంజి చిన్న చక్కెరలుగా తెగిపోయింది. మిగతా మూడూ నీలంగానే ఉంటాయి.

మరిగిస్తే ఎంజైమ్ ఆకారం చెడి పనికిరాకుండా పోయింది. వెనిగర్ గ్లాసులో జరిగిందే మీ పొట్టలోనూ జరుగుతుంది. అన్నం ముద్ద మధ్యలో కాసేపు అమైలేజ్ పని సాగినా, ఆమ్లం లోపలికి ఇంకగానే ఆగిపోతుంది. చిన్నపేగు మొదట్లో క్లోమం నుంచి వచ్చే బైకార్బనేట్ ఆ పులుపును విరిచేస్తే, క్లోమం పంపిన అమైలేజ్ మిగిలిన పిండిని అందుకుంటుంది. ఆఖరి కోత పేగు గోడ మీద ఉండే ఎంజైమ్‌లది, దాంతో గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది.

రెండో గ్లాసు ఎంతకీ రంగు మారకపోతే గంజి చిక్కగా ఉందన్నమాట, ఇంకా నీళ్లు కలపండి. అప్పటికీ ఆలస్యమైతే ఇంట్లో ఇంకొకరి లాలాజలంతో చూడండి. ఈ ఎంజైమ్‌ జన్యువు నకళ్లు ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ ఉంటాయి.