ఎక్కువ తిరిగిన పాత టర్బో కారుకు ఇంజిన్ ఆయిల్ ఎంచుకోవడం ఎలా?

పాత కారు ఆయిల్ తాగడం మొదలుపెట్టగానే షెడ్డులో వినిపించే మొదటి సలహా ఒకటే: ‘కొంచెం చిక్కటి ఆయిల్ పోద్దాం సార్.’ అంబాసిడర్ల కాలం నుంచి 20డబ్ల్యూ-40 డబ్బాలు ఖాళీ చేసిన చేతులకు అలా తోచడం సహజమే. కానీ వేగం కోసం తయారైన టర్బో ఇంజిన్‌కు (పొగ వేగంతో తిరిగే చక్రం గాలిని లోపలికి ఎక్కువగా నెట్టే ఇంజిన్) ఆ సలహా గుడ్డిగా పాటిస్తే రోగం దాగుతుంది, తగ్గదు.

ఉదాహరణకు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ తీసుకుందాం. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, సిలిండర్‌కు 5 చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్. మన దేశంలో 2000ల్లో అమ్ముడైన ఈ కార్లకు ఇప్పటికీ అభిమానులున్నారు. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినవి కూడా చేతులు మారుతూనే ఉన్నాయి. మీది వేరే కారైతే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీ హ్యాండ్‌బుక్‌లోవి తీసుకోండి.

1. ముందు ఇంజిన్ పరిస్థితి తెలుసుకోండి

ఓడోమీటర్ అంకెను బట్టి ఆయిల్ ఎంచుకోకూడదు. క్రమం తప్పకుండా ఆయిల్ మార్చిన రెండు లక్షల కిలోమీటర్ల ఇంజిన్, నిర్లక్ష్యానికి గురైన 80 వేల ఇంజిన్ కంటే మేలుగా ఉండవచ్చు.

కారును సమతలంగా ఉన్న చోట ఆపండి. వేడెక్కిన ఇంజిన్ను ఆపి, కొద్ది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూసి, పై గీత వరకు ఆయిల్ నింపండి. 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే చోట చూసి, పై గీతకు రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో రాసుకోండి. ‘చాలా తాగుతోంది’ అని చెప్పే కన్నా మెకానిక్‌కు ఈ అంకె చెబితే ఎంతో ఉపయోగం.

తర్వాత పొగ. రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి మానేస్తే, వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలం పొగ వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానపడాలి. ఇంజిన్ చాలాసేపు ఐడిల్‌లో ఉన్నాక వస్తే టర్బో సీళ్లను కూడా చూడాలి. వీటిలో ఏదీ ఆయిల్ మార్చినంత మాత్రాన బాగయ్యేది కాదు. పెద్ద మరమ్మతుకు ముందు క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) గాలిగొట్టాలు, వాటి వాల్వు పరీక్షించమనండి. ఈ ఇంజిన్లలో ఆ రబ్బరు గొట్టాలు పగలడం మామూలే. తక్కువ ఖర్చుతో పోయే జబ్బు అది.

ఇప్పుడు ఆయిల్ పోసే మూత తీసి టార్చితో లోపల చూడండి. లోహం మీద తేనె రంగు పొర ఉంటే కంగారు అక్కర్లేదు. నల్లగా, జిగురుగా ముద్దలు కనిపిస్తే మాత్రం ఏ డబ్బా కొనాలా అన్న ఆలోచన పక్కన పెట్టండి.

ఆ మడ్డి గురించి ఇంకాస్త చెప్పాలి. ఇదే 1.8 టర్బో ఇంజిన్‌ను కారు పొడవు దిశలో అమర్చిన ఫోక్స్‌వాగన్ పసాట్, ఆడి ఏ4 కార్లలో మడ్డి సమస్య అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. కంపెనీ వారంటీని 8 సంవత్సరాలకు పొడిగించింది. టర్బో వేడికి ఆయిల్ మాడుతుంది. మాడినది ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. అప్పుడు సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఆయిల్ నిండుగా ఉన్నా బేరింగులకు అందదు. మడ్డి పట్టిన ఇంజిన్లో ఫ్లష్ ద్రవం పోస్తే, ఊడిన ముక్కలు చేరేది ఆ జల్లెడ దగ్గరకే. సంపు విప్పి, జల్లెడ శుభ్రం చేయించడమే సరైన దారి. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే ఇంటిదాకా నడపొద్దు, అక్కడే ఇంజిన్ ఆపేయండి.

2. గ్రేడు కన్నా ముందు ప్రమాణం చూడండి

డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో 5డబ్ల్యూ-40 లాగా ఉండేది గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం. మీకు కావలసిన సంగతి వెనకవైపు సన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ ఇంజిన్‌కు వెతకాల్సింది వీడబ్ల్యూ (స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వాగన్) 502 00 ఆమోదం. అది లేకపోతే కనీసం యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన ఏ3/బీ4 ప్రమాణం.

రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అని ఉన్నా, లోపలున్నది ఒకే రకం ఆయిల్ అనుకోవద్దు. 150 డిగ్రీల వేడిలో, లోహాల మధ్య నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెప్పే కొలత ఒకటి ఉంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. ఏ3/బీ4 ఆయిల్‌కు అది 3.5కు తగ్గకూడదు. ఇంధనం ఆదా చేయడానికి తయారైన 5డబ్ల్యూ-30కి 2.9 ఉన్నా సరిపోతుంది. కొత్త చిన్న కార్లకు ఆ రెండోది చక్కగా నప్పుతుంది. ఘాట్ రోడ్డు మీద టర్బో ఎర్రగా కాలుతున్న పాత ఆక్టేవియాకు నప్పదు.

‘502 00 ఆమోదం పొందింది’ అన్న మాటకూ, ‘502 00 అవసరమైన కార్లకు వాడవచ్చు’ అన్న మాటకూ తేడా ఉంది. మొదటిది కార్ల కంపెనీ పరీక్షించి ఇచ్చిన అనుమతి. రెండోది ఆయిల్ అమ్మే కంపెనీ సొంత భరోసా. నేనైతే మొదటిదే కొంటాను.

3. గ్రేడు: 5డబ్ల్యూ-40 దగ్గర మొదలుపెట్టండి

డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ప్రవర్తనను చెబుతుంది. 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. చలికి పేరుపడ్డ లంబసింగిలోనే సున్నా దగ్గర ఆగుతుంది కాబట్టి, ఈ రెండింటి తేడా గురించి తెలుగు నేల మీద నిద్ర పాడుచేసుకోవద్దు. మనకు ముఖ్యం రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. 50 గ్రేడు అక్కడి నుంచి 21.9 దాకా వెళుతుంది.

ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే పూర్తి సింథటిక్ 5డబ్ల్యూ-40 పోయండి. అందులో సందేహం లేదు. ఆయిల్ కాస్త తాగుతూ, గొట్టాలు, సీళ్లు చూశాక కూడా తగ్గకపోతే, ఎండాకాలంలో అదే ప్రమాణమున్న 10డబ్ల్యూ-40 ప్రయత్నించవచ్చు. 50 గ్రేడుకు వెళ్లేముందు మెకానికల్ గేజ్‌తో వేడి ఇంజిన్లో ఆయిల్ ప్రెషర్ కొలిపించి, సర్వీసు మాన్యువల్‌తో పోల్చండి. ప్రెషర్ సరిగ్గా ఉంటే చిక్కటి ఆయిల్‌తో పనిలేదు. తక్కువగా ఉంటే జల్లెడ, పంపు, బేరింగుల సంగతి తేల్చాలి.

ఆముదంలా చిక్కగా ఉంటే రక్షణ ఎక్కువని చాలామంది నమ్మకం. ఈ ఇంజిన్లో వాల్వులను నొక్కే ట్యాపెట్లు, క్యామ్ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మరీ చిక్కటి ఆయిల్ వాటికి ఆలస్యంగా చేరుతుంది. టకటక శబ్దం అందుకే ఎక్కువసేపు వినిపిస్తుంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 ఇంజిన్‌కు 10డబ్ల్యూ-60 సిఫారసు చేశారన్నది నిజమే. అది ఆ ఇంజిన్ కోసం చేసిన ఏర్పాటు. దాన్ని చూసి మనమూ పోయడం అనవసరం.

4. ‘హై మైలేజ్’ ఆయిళ్లు, కలిపే మందులు

హై మైలేజ్ ఆయిళ్లలో గట్టిపడిన రబ్బరు సీళ్లను మెత్తబరిచే పదార్థాలుంటాయి. చిన్న చెమ్మ లాంటి కారుడుకు ఇవి కొంత పనిచేయవచ్చు. అయినా సరైన ప్రమాణం లేని హై మైలేజ్ ఆయిల్ కన్నా, ప్రమాణమున్న మామూలు సింథటిక్ మేలు. విడిగా సీసాల్లో అమ్మే మందులు మాత్రం నాకు నచ్చవు. మంచి ఆయిల్లో సమతూకంగా కలిపిన రసాయనాలు ముందే ఉన్నాయి.

సింథటిక్‌కు మారితే పాత ఇంజిన్ కారుతుందన్న భయం ఒకటుంది. నిజానికి సీలు ముందే పాడై ఉంటుంది. ఇన్నాళ్లూ మడ్డి దాన్ని మూసి ఉంచుతుంది, అది కడుక్కుపోగానే కారుడు బయటపడుతుంది.

5. కొనడం, మార్చడం

అధీకృత డీలరు దగ్గర, సీలు, తయారీ తేదీ చూసుకొని కొనండి. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారేయండి, లేకపోతే నకిలీ ఆయిల్‌తో తిరిగి మార్కెట్లోకి వస్తుంది. నాణ్యమైన ఫిల్టరు ప్రతిసారీ కొత్తది వేయించండి.

పాత టర్బోకు 5,000 నుంచి 7,500 కిలోమీటర్ల మధ్య, తక్కువ తిరిగినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలని నా అభిప్రాయం. తీసిన ఆయిల్‌ను ల్యాబులో పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది. సీసం, రాగి పెరిగితే బేరింగులు, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టరు దగ్గర దుమ్ము, సోడియం లేదా పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి. ఒక్క నివేదికతో తీర్పు చెప్పకండి, తర్వాతి మార్పిడి నివేదికతో పోల్చి చూడండి. అప్పటిదాకా వారానికోసారి, దూరప్రయాణానికి ముందు తప్పకుండా డిప్‌స్టిక్ చూడండి. పై గీత దాటేలా మాత్రం పోయవద్దు.